పటమట అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సొంతంగా కారు సర్వీస్: ఏ పని చేయొచ్చు, ఏది ముట్టుకోకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 2018 పెట్రోల్ స్విఫ్ట్, 62 వేల కిలోమీటర్లు తిరిగింది, వారంటీ అయిపోయింది. ఉండేది విజయవాడ పటమటలో అపార్ట్‌మెంట్, వారానికోసారి గుంటూరు వెళ్లొస్తారు. గ్యారేజీకి వెళ్లిన ప్రతిసారీ ఇంజిన్ ఫ్లష్ అనీ ఇంజెక్టర్ క్లీనింగ్ అనీ బిల్లు పెరుగుతోంది. సర్వీస్ ఇంట్లోనే చేసుకోవచ్చా, సామాన్లు ఏం కావాలి, తీసిన పాత ఆయిల్ ఏం చేయాలి?

చేసుకోవచ్చండి. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, బ్యాటరీ, వైపర్లు మీరే మార్చుకోవచ్చు. పది వేల కిలోమీటర్ల మామూలు సర్వీసులో మెకానిక్ చేసే పని చాలావరకు ఇంతే. బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్, క్లచ్, ఏసీ గ్యాస్ మాత్రం ముట్టుకోవద్దు.

ఈ గీత ఎక్కడ గీయాలో తేల్చుకోవడానికి ఒక లెక్క ఉంది. తప్పు జరిగితే పార్కింగ్‌లోనే బయటపడే పని మీరు చేయండి. రోడ్డు మీదకెళ్లాక బయటపడే పని మెకానిక్‌కి వదిలేయండి. పాత ఆయిల్ దించడానికి విప్పే డ్రైన్ బోల్టు సరిగ్గా బిగించకపోతే ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాల్లో కింద చుక్కలు కనిపిస్తాయి. అదే బ్రేకు లైన్లో గాలి ఉండిపోతే ఇంటి దగ్గర పెడలు బాగానే ఉన్నట్టు అనిపించి, కనకదుర్గమ్మ వారధి మీద ముందు లారీ ఆగినప్పుడు కిందికంటా దిగిపోతుంది.

వారంటీలో ఉన్న కారుతో ఇది చదువుతున్నవాళ్లు ఉంటే, వారంటీ అయ్యేదాకా కంపెనీ వర్క్‌షాప్‌లోనే చేయించండి. కొత్త కారుకి మొదటి సర్వీసులకు లేబర్ ఎలాగూ ఉండదు.

ముందు కారు కిందికి వెళ్లడం సంగతి

మొత్తం పనిలో ప్రాణం మీదకి వచ్చేది ఇదొక్కటే. అందుకే ఆయిల్ కంటే ముందు చెబుతున్నాను. స్విఫ్ట్‌కి నేలకీ మధ్య ఖాళీ 163 మిల్లీమీటర్లు. అంత సందులో మనిషి దూరలేడు, ముందుభాగం పైకి లేపాల్సిందే. డిక్కీలో వచ్చే జాకీ టైరు మార్చడానికి మాత్రమే. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి చెయ్యి కూడా పెట్టకండి. కారు బరువు దాదాపు 860 కేజీలు, అందులో ఎక్కువ భాగం ముందువైపే ఉంటుంది.

ఇనుప ర్యాంపులు ఒక జత కొనుక్కుంటే సుఖం. నెమ్మదిగా పైకి ఎక్కించి, ఫస్ట్ గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకి రెండువైపులా చెక్క దిమ్మెలు పెట్టాలి. ర్యాంపులు వద్దనుకుంటే రెండు టన్నుల జాకీ స్టాండ్లు ఒక జత తీసుకోండి. స్టాండు తలను తలుపుల కింద అంచులో రెండు గాట్ల మధ్య ఉండే బలమైన చోటే ఆనించాలి, వేరే చోట ఆనిస్తే రేకు లోపలికి నొక్కుకుపోతుంది. చాలా అపార్ట్‌మెంట్ పార్కింగుల్లో నేలకి పేవర్ టైల్స్ వేస్తున్నారు. స్టాండు కాళ్లు వాటిమీద కుంగుతాయి, కాబట్టి కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేయండి. సెల్లార్‌లోకి దిగే వాలు మీద ఈ పని అస్సలు పెట్టుకోకండి. ఇటుకలు, సిమెంట్ బ్లాకులు పేర్చి కారు నిలబెట్టేవాళ్లున్నారు. ఇటుక పగిలేముందు చప్పుడు కూడా చేయదు.

స్టాండ్ల మీద దించాక ఫెండర్ (చక్రం పైనుండే రేకు) పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. కదిలితే దించి మళ్లీ పెట్టండి. కిందికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

ఏ ఆయిల్ పోయాలి

మన దగ్గర తరచూ వినపడే మాట ఒకటుంది: "బెజవాడ ఎండలకి పల్చటి ఆయిల్ ఆగదండీ, 20డబ్ల్యూ-40 వేయండి." ఇది పాత కార్ల కాలం నాటి మాట. దీన్ని పట్టుకుని కొత్త ఇంజిన్లలో చిక్కటి ఆయిల్ పోసేస్తున్నారు. డబ్బా మీద డబ్ల్యూ ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. వెనకున్న అంకె 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనం చెబుతుంది. బయట మే నెలలో 45 డిగ్రీలున్నా, సంక్రాంతికి 18 ఉన్నా, థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాను కలిసి ఇంజిన్ని 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతాయి. లోపల ఆయిల్‌కి తెలిసేది ఆ వేడే, బెజవాడ ఎండ కాదు.

మీ ఇంజిన్లో వీవీటీ ఉంది. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో ఆయిల్ ప్రెషర్‌తోనే సర్దే ఏర్పాటు అది. సన్నటి దారుల్లో చిక్కటి ఆయిల్ నెమ్మదిగా పారితే పికప్ మందగిస్తుంది, మైలేజీ తగ్గుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైన వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా ఆయిల్ చేరడమూ ఆలస్యమవుతుంది. ఇంజిన్ అరుగుదలలో ఎక్కువ భాగం ఆ మొదటి క్షణాల్లోనే. కాబట్టి గ్లవ్ బాక్సులో ఉన్న ఓనర్స్ మాన్యువల్ తీసి, అందులో రాసిన గ్రేడే కొనండి. డబ్బా మీద ఏపీఐ అనే నాణ్యత గుర్తు పక్కన ఎస్‌ఎన్ గానీ, దాని తర్వాత వచ్చిన ఎస్‌పీ గానీ ఉండాలి.

ఫిల్టర్‌తో కలిపి మీ ఇంజిన్‌కి పట్టేది సుమారు 3.1 లీటర్లు. కొనేది ఆటోనగర్‌లోనైనా, గుంటూరులోనైనా బిల్లు ఇచ్చే షాపులో కొనండి. కంపెనీ ఫిల్టర్లకు నకిలీలు బోలెడు. అట్టపెట్టె చూసి మోసపోకుండా ఫిల్టర్‌ని తిరగేసి లోపలికి చూడండి. చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల వెనక మెత్తటి రబ్బరు పొర కనపడాలి. ఇంజిన్ ఆపాక ఫిల్టర్లోని ఆయిల్ కిందికి జారిపోకుండా ఆపేది అదే. నకిలీల్లో ఆ పొర గట్టిగా అట్టలా ఉంటుంది, లేదా అసలుండదు. అలాంటిది బిగిస్తే రోజూ పొద్దున సెల్ఫ్ కొట్టగానే రెండు మూడు సెకన్లు ఇంజిన్ పైభాగంలో టకటకమని వినిపిస్తుంది.

మార్చే పద్ధతి

కావాల్సినవి: డ్రైన్ బోల్టుకి సరిపోయే రింగ్ పానా లేదా సాకెట్ (మోడల్ని బట్టి 14 మిల్లీమీటర్లది గానీ 17ది గానీ పడుతుంది), ఫిల్టర్ రెంచి, ఐదు లీటర్ల వెడల్పాటి టబ్బు, గరాటు, బోల్టుకి కొత్త వాషర్, పాత బనియన్ గుడ్డలు, చేతికి నైట్రైల్ గ్లవ్స్. ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచి చెప్పే టార్క్ రెంచి ఉంటే మంచిది. కొత్తగా చేసేవాళ్లకి నా సలహా, మిగతా సామాన్లు మామూలువి తీసుకున్నా టార్క్ రెంచి మాత్రం కొనండి. చేతి అంచనా వచ్చేసరికి రెండు మూడు బోల్టుల మర పోతుంది.

ఇంజిన్ని ఐదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చగా ఉంటే ఆయిల్ మడ్డితో సహా బాగా దిగుతుంది. ఊరు తిరిగొచ్చిన వెంటనే చేస్తే చెయ్యి కాలుతుంది. బానెట్ తెరిచి పైన ఆయిల్ మూత తీసి పెట్టండి, ధార ఆగకుండా వస్తుంది.

కిందికి వెళ్లి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌కున్న డ్రైన్ బోల్టు వదులు చేయండి. చివరి రెండు మూడు చుట్లు చేత్తో తిప్పుతూ బోల్టుని పైకి అదిమిపట్టి, మరలు పూర్తిగా వదిలాక ఒక్కసారిగా పక్కకి లాగేయాలి. అదిమిపట్టకపోతే ఆయిల్ మోచేతి దాకా కారుతుంది. మొదటి ధార బోల్టు ఉన్న వైపుకి చిమ్ముతుంది కాబట్టి టబ్బుని కాస్త అటు జరిపి పెట్టండి. ధార సన్నబడి చుక్కలయ్యేదాకా పావుగంట ఆగండి.

ఈలోపు బోల్టు కొసని గుడ్డతో తుడిచి వెలుతురులో చూడండి. నల్లటి మెత్తటి పేస్టు కాస్త అంటుకుని ఉంటే మామూలే. వేళ్ల మధ్య రుద్దినప్పుడు గరగరలాడే మెరుపు ముక్కలు తగిలితే లోపల ఏదో అరుగుతోందని అర్థం. అప్పుడు కొత్త ఆయిల్ పోయకముందే మంచి మెకానిక్‌కి ఆ బోల్టు చూపించండి. ఆయిల్ కాఫీ రంగులో పాలు కలిపినట్టు ఉంటే నీళ్లు చేరాయని గుర్తు.

వాషర్ ప్రతిసారీ కొత్తదే వేయాలి. పాతది ఒకసారి నలిగి ఆకారం తీసుకుంది, మళ్లీ అదే వేస్తే కారుతుంది. కారుతోందని ఇంకా బిగిస్తారు, మర పోతుంది. డ్రైన్ బోల్టు చెడగొట్టుకున్న కేసులన్నీ దాదాపు ఈ దారిలోనే వస్తాయి. బోల్టుని మొదట వేళ్లతోనే నాలుగైదు చుట్లు ఎక్కించండి. వేళ్లకి ఎక్కడం లేదంటే అడ్డమర పడిందన్నమాట, తీసి మళ్లీ పెట్టండి. చివరి బిగింపు మాన్యువల్‌లో ఉన్నంతే. ఈ తరగతి ఇంజిన్లకి సుమారు 35 న్యూటన్ మీటర్లు.

తర్వాత ఫిల్టర్. పాత ఫిల్టర్ ఊడదీయగానే దాని రబ్బరు రింగు దానితోనే వచ్చిందా లేదా చూడండి. ఒక్కోసారి రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. అది గమనించక కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. పార్కింగ్‌లో స్టార్ట్ చేసినప్పుడు అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. హైవే మీద ప్రెషర్ పెరిగాక పై రబ్బరు జారి, నిమిషాల్లో ఆయిల్ మొత్తం రోడ్డు పాలవుతుంది. నేను పైన చెప్పిన లెక్కకి లొంగని ఒకే ఒక్క పొరపాటు ఇది. అందుకే ఫిల్టర్ కూర్చునే చోటు గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడిమి చూసుకోవాలి. కొత్త ఫిల్టర్ రబ్బరుకి కొత్త ఆయిల్ చుక్క రాసి, చేత్తో తిప్పి, రబ్బరు ఇంజిన్‌ని తాకాక ఇంకో ముప్పావు చుట్టు. రెంచి ఊడదీయడానికి వాడండి, బలం చూపించి బిగించడానికి కాదు.

మొదట 2.8 లీటర్లు పోసి, మూత పెట్టి స్టార్ట్ చేయండి. డ్యాష్‌బోర్డ్‌లో ఎర్ర ఆయిల్ లైటు కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరేదాకా యాక్సిలరేటర్ తొక్కొద్దు, ఆరకపోతే వెంటనే ఆపేయండి. రెండు నిమిషాలు నడిపి, బయటి నుంచే టార్చ్ వేసి బోల్టు దగ్గర, ఫిల్టర్ దగ్గర చూడండి. తర్వాత కారు సమతలం మీదకి దించి, ఐదు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూసి కొంచెం కొంచెంగా పై గుర్తుకి తెండి. పై గుర్తు దాటించకండి. ఎక్కువైతే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్‌షాఫ్ట్ తగిలి ఆయిల్ నురగ కడుతుంది. నురగకి ప్రెషర్ ఉండదు.

ఫిల్టర్లు, ప్లగ్గులు

కిందికి వెళ్లాలంటే ఇంకా ధైర్యం చాలకపోతే ఏసీ ఫిల్టర్‌తో మొదలుపెట్టండి. గ్లవ్ బాక్సు రెండు పక్కలా లోపలికి నొక్కి కిందికి దించితే వెనక సన్నటి మూత కనపడుతుంది. లోపలున్న ఫిల్టర్ మీద గాలి ఎటు వెళ్తుందో బాణం గుర్తు ఉంటుంది. తీసేముందే ఆ బాణం ఫోన్‌లో ఫోటో తీసుకోండి. గుంటూరు వెళ్లొచ్చే కార్లకి మిర్చి సీజన్లో, అంటే జనవరి నుంచి మే దాకా, ఇది త్వరగా పూడుకుపోతుంది. మిర్చి యార్డు చుట్టుపక్కల తిరిగిన కారు ఫిల్టర్ దులిపితే ఎర్రటి నుసి రాలి తుమ్ములు ఆగవు. అందుకే కారు బయట, మాస్కు పెట్టుకుని తీయండి. పది వేల కిలోమీటర్లకి మార్చమంటారు, మీరు ఏటా మే చివర్లో మార్చేయండి. ఫిల్టర్ మీద నమిలిన కాగితం, గింజ పొట్టు కనిపిస్తే ఎలుక కాపురం ఉన్నట్టే. బానెట్ కింద వైర్లు కూడా ఒకసారి చూసుకోండి.

ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ క్లిప్పులు తీస్తే బయటికొస్తుంది. ఎయిర్ కొట్టించేటప్పుడు శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకి కొట్టాలి. పంక్చర్ షాపులో పూర్తి ప్రెషర్‌తో దగ్గర పెట్టి కొడితే కాగితం చిరుగుతుంది, జానెడు దూరం నుంచి కొట్టమనండి. నీళ్లతో కడగకూడదు.

ప్లగ్గులు మార్చాలంటే ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. హెడ్ అల్యూమినియం, వేడి మీద తీస్తే మరలు ప్లగ్గుతో పాటే వస్తాయి. 10 సైజు బోల్టు తీసి, ప్లగ్గు మీద కూర్చునే కాయిల్ పైకి లాగాక, గుంతలో చేరిన దుమ్ముని ముందు ఎయిర్‌తో ఊదండి, లేకపోతే అదంతా సిలిండర్లో పడుతుంది. 16 సైజు ప్లగ్ సాకెట్ వాడాలి, లోపల అయస్కాంతమో రబ్బరో ఉండేది. తీసిన నాలుగూ ఏ సిలిండర్‌ది ఏదో తెలిసేలా వరసగా పెట్టండి. కొస బిస్కెట్ రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ మండుతోంది, ముందు ఎయిర్ ఫిల్టర్ అనుమానించండి. తడిగా, జిడ్డుగా ఉంటే లోపలికి ఆయిల్ వస్తోంది, అది మీరు చేసే పని కాదు. కొత్త ప్లగ్గుని సాకెట్‌కి ఎక్స్‌టెన్షన్ మాత్రమే తగిలించి వేళ్లతో ఎక్కించండి. కూర్చున్నాక రెంచితో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు.

బ్యాటరీ, కూలెంట్, చూసి వదిలేయాల్సిన బ్రేకులు

బ్యాటరీని చలి కంటే మన వేడే ఎక్కువ తినేస్తుంది. చిన్న మల్టీమీటర్ ఒకటి ఉంచుకోండి. రాత్రంతా ఆగిన కారులో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 కంటే తక్కువైతే చార్జింగ్ చాలడం లేదు. ఇంజిన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో కడిగి, ఆరాక వాసెలిన్ రాయండి. తీసేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ ఆఖర్న. ప్లస్ విప్పుతున్నప్పుడు పానా బాడీకి తగిలినా, మైనస్ ఊడి ఉంటే నిప్పులు రావు.

కూలెంట్ మూత వేడి ఇంజిన్ మీద తీయకూడదు. లోపల ప్రెషర్‌లో ఉన్న నీరు మొహం మీదకి చిమ్ముతుంది. చల్లారాక ట్యాంకులో గీతలు చూసి, తగ్గితే కలిపి అమ్మే కూలెంట్ పోయండి. రంగు చూసి కొనకండి, మాన్యువల్ చెప్పిన రకం కొనండి. బోరు నీళ్లు వద్దు, ఆ ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో పొలుసు కడుతుంది. నెలనెలా పోయాల్సి వస్తుంటే ఎక్కడో కారుతున్నట్టే.

బ్రేకుల విషయంలో మీ పని చూడటం వరకే. చక్రం తీసినప్పుడు ప్యాడ్ మందం చూడండి. 3 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చిందంటే మార్చే సమయమైంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం మెల్లగా తగ్గడం ప్యాడ్లు అరిగే కొద్దీ జరిగేదే. తగ్గిందని నింపేస్తే, కొత్త ప్యాడ్లు వేసిన రోజు పొంగి పెయింట్ తినేస్తుంది. ఆ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ మరిగేది 205 డిగ్రీల దగ్గర, తేమ పట్టాక 140కి పడిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి గ్యారేజీలో మార్పించండి. చక్రం తిరిగి పెట్టాక నట్లు ఎదురెదురుగా బిగించి, వంద కిలోమీటర్లలోపు మరోసారి చూసుకోండి.

గ్యారేజీ వాళ్లు రాసే ఇంజిన్ ఫ్లష్ సంగతికొస్తే, వేళకి ఆయిల్ మారుతున్న ఇంజిన్‌కి దాని అవసరం లేదు. ఇంజెక్టర్ క్లీనింగ్ కూడా అంతే. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు) వణకడం, పికప్ లేకపోవడం, మైలేజీ పడిపోవడం లాంటి లక్షణం ఉంటేనే ఆలోచించండి. మాన్యువల్ చివర్లో సర్వీస్ పట్టిక ఉంటుంది. అందులో లేని పని బిల్లులో కనిపిస్తే ఎందుకని అడగండి, అడగడం మీ హక్కు.

సెకండ్ హ్యాండ్ కారు తీసుకునే ఆలోచన ఉంటే ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఎన్నో కార్లు మునిగాయి. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగి చూడండి, బురద చార కనపడుతుందేమో. కార్పెట్ ఎత్తి సీటు బోల్టులకి తుప్పు చూడండి. మీ కారే ఎప్పుడైనా నీళ్లలో నిలిచిపోతే సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. చిన్న ఖర్చుతో పోయే పని కాస్తా ఇంజిన్ విప్పే పని అవుతుంది.

ఇక పాత ఆయిల్. ఇది ప్రమాదకర వ్యర్థాల కింద వస్తుంది. డ్రైనేజీలో, ఖాళీ స్థలంలో పోయొద్దు. మన ఊళ్లో మురుగు కాలవల్లో వేసింది బందరు కాలవలోకో, ఏలూరు కాలవలోకో చేరి, కింద పొలాలకి పారే నీళ్లలో కలుస్తుంది. చల్లారాక కొత్త ఆయిల్ వచ్చిన ఖాళీ డబ్బాలోనే గరాటుతో పోసి మూత బిగించండి. ఫిల్టర్‌ని ఓ రాత్రి తలకిందులుగా టబ్బులో ఉంచితే అందులో మిగిలింది కూడా దిగుతుంది. ఆటోనగర్‌లో పెద్ద గ్యారేజీల దగ్గర పాత ఆయిల్‌కి డ్రమ్ములు పెట్టుకుంటారు, రీసైక్లింగ్‌కి ఇచ్చే చోట అడిగి అందులో పోయించండి. తర్వాతిసారి ఫిల్టరో వాషరో కొనడానికి అటు వెళ్తారు కదా, అప్పుడు డబ్బా వెంట పట్టుకెళ్తే సరిపోతుంది.